తడి ఆరాలి, రంగు చెదరకూడదు

వానాకాలం వచ్చిందంటే మనకి ఆరబెట్టుకోవడమే ఒక పెద్ద పని. బట్టలు ఆరవు, గోడలు చెమ్మగిల్లుతాయి, ఉప్పు నీరుగారుతుంది, అప్పడాలు మెత్తబడతాయి. ఇవి చాలనట్టు పిల్లల బడి పనులొకటి. బళ్ళు తెరిచిన దగ్గర్నుంచీ ఆగస్టు 15కి చార్టులనీ, సెప్టెంబరు 5కి టీచర్లకివ్వడానికి గ్రీటింగు కార్డులనీ, నవంబరు 14కి బొమ్మల పోటీలనీ వరసగా వస్తూనే వుంటాయి. సరిగ్గా ఆ నెలల్లోనే నైరుతి వానలూ, వాటి వెనకే కోస్తాలో ఈశాన్య వానలూను. రాత్రి తొమ్మిదింటికి "అమ్మా, ఇది రేపే ఇవ్వాలిట" అంటూ నీళ్ళోడుతున్న బొమ్మ తెచ్చి మన చేతిలో పెడతారు. అప్పుడు గుర్తొస్తుంది, బీరువాలో పడివున్న హెయిర్ డ్రయ్యరు.

ఈ వారం దాని సంగతే చెప్పుకుందాం. జుట్టు ఆరబెట్టుకోవడం గురించి కాదులెండి, అది అందాల పేజీ వాళ్ళు చెబుతారు. కాగితంతో చేసే పనులకీ, నీటిరంగు బొమ్మలకీ ఆ వెచ్చని గాలి ఎలా వాడాలో, ఎక్కడ వాడకూడదో చూద్దాం. ఇది పిల్లల ఆటకి సంబంధించిన విషయమే కాదు. ఇంటిపట్టున వుండి కార్డులూ, కవర్లూ చేసి నాలుగు రూపాయలు సంపాదించుకుంటున్న చెల్లెళ్ళు ఎందరో వున్నారు. వాళ్ళకి తడి ఆరకపోవడమంటే సరుకు తిరిగి రావడమే.

తడిని ఆరబెట్టేది వేడి ఒక్కటేనని చాలామంది అనుకుంటారు. కాదండీ, గాలి చేసే పని కూడా అంతే వుంది. తడి కాగితం మీద నుంచి లేచిన తేమ అక్కడే దుప్పటిలా పరుచుకుని కూర్చుంటే లోపలి నీరు ఇక బయటికి రాదు. గాలి వీచి ఆ తేమని పక్కకి తోసేస్తేనే కిందిది పైకి వస్తుంది. మరి ముసురు పట్టిన రోజున ఫ్యాను గిరగిరా తిరుగుతున్నా చొక్కా కాలరు ఎందుకు ఆరి చావదు? ఆ గాలే తడితో నిండి వుంటుంది కనుక. అదే గాలిని కాస్త వెచ్చబెడితే మరికాస్త తడిని మోసుకుపోతుంది. డ్రయ్యరు చేసేది అంతే. కనుక మనకి కావలసింది గోరువెచ్చని గాలి, అది మెల్లగా కదలాలి. మాడ్చే వేడితో మనకి పని లేదు. ఇంట్లో ఏసీ వున్నవాళ్ళు తలుపు మూసి ఆ గదిలో పెట్టినా బాగానే ఆరుతుంది. ఏసీ గొట్టం నుంచి బయట కారే నీళ్ళన్నీ గదిలోని గాలిలోంచి లాగినవే గదా!

మన పెద్దవాళ్ళు కరివేపాకునీ, మాగాయ ముక్కల్నీ, రంగు బట్టల్నీ దేనికి ఎండ కావాలో, దేన్ని నీడపట్టున ఆరబెట్టాలో చూసి మరీ ఆరబెట్టేవారు. నీటిరంగు బొమ్మ నీడపట్టు సరుకు. ఎర్రటి ఎండలో పెడితే ఒకవైపే గబగబా ఆరి కాగితం విల్లులా వంగుతుంది. డ్రయ్యరుని కూడా నీడపట్టున వీచే గాలిలాగా వాడుకోవాలి గానీ, రోహిణీ కార్తె ఎండలా కాదు.

ఇక ఏ యంత్రం వాడాలన్నది. బజారులో వేడిగాలి వూదేవి మూడు రకాలు దొరుకుతున్నాయి. మొదటిది మనింట్లో వుండే హెయిర్ డ్రయ్యరు. రెండోది కార్డులు చేసేవాళ్ళ కోసమని అమ్మే చిన్న హీట్ టూల్. గాలి తక్కువ, వేడి ఎక్కువ. ఇది ఎంబాసింగ్ పొడి కరిగించడానికి చేసినది. జిగురు ముద్ర మీద పొడి చల్లి దీని కింద పెడితే పొడి కరిగి అక్షరం ఉబ్బెత్తుగా నిగనిగలాడుతుంది. ఆ పనికి హెయిర్ డ్రయ్యరు పనికిరాదు, పొడి కరిగేలోపే గాలికి ఎగిరిపోతుంది. అలాగని ఆ హీట్ టూల్‌తో బొమ్మలు ఆరబెడదామంటే చాలా జాగ్రత్త కావాలి. దాని మూతి దగ్గర వేడి 200 డిగ్రీలు దాటుతుంది, నీళ్ళు మరిగేది 100 డిగ్రీలకే అని గుర్తుంచుకోండి. మూడోది పెయింటర్లు తలుపుల మీది పాత రంగు ఊడదీయడానికి వాడే హాట్ ఎయిర్ గన్. చూడ్డానికి డ్రయ్యరులాగే వుంటుంది, దాన్ని కాగితం దగ్గరికి రానివ్వకండి. రెప్పపాటులో కాగితం గోధుమరంగుకి తిరుగుతుంది, ఇంకాస్త వుంచితే అంటుకుంటుంది కూడా. ఇంట్లో పని జరుగుతున్నప్పుడు అది హాల్లో పడి వుంటే పిల్లలు డ్రయ్యరే అనుకుని తీసే ప్రమాదం వుంది, ఒక కన్నేసి వుంచండి.

మన పనికి 1000 వాట్ల చిన్న డ్రయ్యరు బ్రహ్మాండంగా సరిపోతుంది. పార్లర్లలో వాడే 2000 వాట్లది హోరుగాలి వూదుతుంది, బొమ్మతోబాటు బల్ల మీదున్న కాగితాలన్నీ లేచిపోతాయి. కరెంటు ఖర్చు గురించి బెంగ వద్దు. 1000 వాట్లది గంటసేపు ఆగకుండా తిరిగితే ఒక యూనిట్. ఒక బొమ్మకి పదిహేను నిమిషాలు వాడినా పావు యూనిట్టే.

నీటిరంగులో వున్నదేమిటి? రంగు పొడీ, తుమ్మజిగురు జాతి బంకా. ఆ బంకకి నీళ్ళు తగిలితే మళ్ళీ కరిగే గుణం వుంది. ఉదాహరణకి మీ అబ్బాయి గోదావరి మీద విల్లు వంపుల రైలు వంతెన వేస్తున్నాడనుకోండి. సాయంకాలపు ఆకాశం నారింజ రంగులో వేశాడు. అది ఆరకుండానే నల్లరంగుతో వంపులు గీశాడంటే, కింది నారింజ లేచి నలుపులో కలిసి వంతెన కాస్తా పొగమంచులోకి పోతుంది. పిల్లలు నూటికి తొంభై మంది బొమ్మ పాడుచేసుకునేది ఇక్కడే. చెయ్యి బాగాలేక కాదు, ఆగలేక. డ్రయ్యరు అసలు వుపయోగం ఇదీ, బొమ్మ పూర్తయ్యాక ఆరబెట్టడం కన్నా, పూతకీ పూతకీ మధ్య ఆరబెట్టడం.

సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ బొమ్మలు వేసేవాళ్ళు ఖాదీ గుడ్డకి సుద్దమట్టి, గంజి, ఉడికించిన చింతగింజల పిండి, జిగురు నీళ్ళు కలిపి మూడుసార్లు పూస్తారు. ఒక పూత ఆరాకే రెండోది. బొమ్మ మొదలుపెట్టక ముందే అంత ఓపిక పడతారు. మన పిల్లలకి రెండు పూతల మధ్య మూడు నిమిషాలు ఆగమంటే ప్రాణం మీదికి వస్తుంది!

అయితే డ్రయ్యరు ఎప్పుడు అందుకోవాలి? పాకం పట్టడం వచ్చిన మనకి ఇది చెప్పడం తేలికే. లేత పాకానికి ఒక పని, తీగ పాకానికి ఒక పని, ముదురు పాకానికి ఒక పని. నీటిరంగుకీ అలాగే మూడు దశలున్నాయి. కాగితాన్ని కంటి ఎత్తుకి ఎత్తి, దీపం వెలుగు పడేట్టు ఏటవాలుగా పట్టుకుని చూడండి. పైన నీరు నిలిచి అద్దంలా మెరుస్తోందంటే అది మొదటి దశ. అప్పుడు డ్రయ్యరు పెట్టారా, గాలి ఆ నీటిని ముందుకి తోసేస్తుంది. రంగు పాయలు పాయలుగా పరుగెత్తి, ఆగిన చోటల్లా గట్టి అంచు కడుతుంది. ఆ మెరుపు వున్నంతసేపూ చేతులు కట్టుకుని కూర్చోవాలి. మూలల్లో నీరు మరీ మడుగు కట్టి వుంటే, పిండేసిన కుంచె మొనతోగానీ, పాత నూలుగుడ్డ అంచుతోగానీ అద్దండి.

మెరుపు పోయి కాగితం మసకగా, గుడ్డలా కనిపిస్తే రెండో దశ. పైన నీరు లేదు, లోపల వుంది. డ్రయ్యరు వేసే అదను ఇదే. కుంచె పెట్టకూడని దశ కూడా ఇదే, సగం ఆరిన చోట తడి కుంచె పెడితే ఆ నీరు చుట్టూ పాకి కాలీఫ్లవర్ పువ్వులా మచ్చ పడుతుంది. ఆ మచ్చ ఇక జన్మలో పోదు.

డ్రయ్యరుని తక్కువ వేడి, తక్కువ వేగం మీద పెట్టి, ముందు పక్కకి తిప్పి మీ చేతి మీద వూదుకుని చూడండి. చేతికి హాయిగా వుంటే బొమ్మకీ హాయే. కాగితానికి జానెడు కన్నా దగ్గరికి తేకుండా, నిట్టనిలువుగా కాకుండా కాస్త ఏటవాలుగా పట్టుకుని, ముగ్గు గొట్టం నడిపినట్టు అటూ ఇటూ నడుపుతూనే వుండాలి. ఒకేచోట నిలిపితే ఆ చోటు ముందు ఆరి కాగితం బొప్పి కట్టినట్టు లేస్తుంది. ఏ4 సైజు కాగితం మీద పల్చటి పూతకి రెండు మూడు నిమిషాలు చాలు. తర్వాత బొమ్మని తిరగేసి వెనకవైపు కూడా ఒక నిమిషం వూదండి. ఇది చాలామందికి తెలియదు. రెండు వైపులా సమంగా ఆరితే వంకర తిరగడం బాగా తగ్గుతుంది.

ఆరిందో లేదో వేలితో రుద్ది చూడకండి. వేలి జిడ్డు కాగితానికి అంటితే ఆ తర్వాతి పూత ఆ చోట పట్టదు. అరచేతి వెనకవైపు, మెటికల దగ్గర, అలా మెల్లగా ఆనించండి. చల్లగా తగిలిందంటే లోపల ఇంకా నీరుందన్నమాట. కొత్త కుండలో నీళ్ళు చల్లబడతాయే, ఆ కారణమే ఇక్కడా. నీరు ఆవిరవుతున్నంతసేపూ చల్లదనం వుంటుంది. కాకపోతే డ్రయ్యరు ఆపగానే చూస్తే కాగితం వెచ్చగా వుండి మోసం చేస్తుంది. రెండు నిమిషాలాగి చూడాలి. మీ డ్రయ్యరుకి చల్లగాలి బొత్తాం వుంటే చివర్లో అర నిమిషం అది నొక్కండి. ఇంకో మాట, నీటిరంగు ఆరాక తడిమీద కనిపించిన దానికన్నా లేతగా తేలుతుంది. ఆరకముందే "ముదురైపోయింది" అని పిల్లలు నీళ్ళు కొడుతుంటారు. ఆరనిచ్చి అప్పుడు చెప్పమనండి.

కొన్నిటికి మాత్రం డ్రయ్యరు జోలికే వెళ్ళకూడదు. తడి రంగు మీద కల్లుప్పు చల్లితే చుక్కలు చుక్కలుగా మంచు పూలలా వస్తాయి చూడండి, ఆ అందం ఉప్పు మెల్లిగా నీటిని పీల్చుకోవడంలో వుంది. దాన్ని తొందరపెడితే ఉప్పు రాళ్ళు ఎగిరిపోతాయి, పూలు రావు. తెల్లగా వదలాల్సిన చోట్ల పూసే మాస్కింగ్ ఫ్లూయిడ్ రబ్బరు పాలలాంటిది, వేడి తగిలితే కాగితానికి కరుచుకుంటుంది. ఊడదీస్తే కాగితం పొరతో సహా వస్తుంది. అది వున్నంతసేపూ ఫ్యాను గాలే గతి. ఇక మైనపు క్రేయాన్లతో గీసి పైన నీటిరంగు పూసే బొమ్మలు చిన్న తరగతుల్లో చాలా వేయిస్తారు. మైనం కొద్దిపాటి వేడికే కరిగి అలుక్కుపోతుంది కనుక వాటికి చల్లగాలి మాత్రమే.

కాగితం సంగతి కూడా చెప్పాలి. నీరు తగిలితే కాగితంలోని పీచు ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. అన్నిచోట్లా ఒకేసారి ముడుచుకోదు కనుక అలలు తేలుతుంది. జిరాక్సు కాగితం చదరపు మీటరు 70, 80 గ్రాములు తూగుతుంది. నీటిరంగులకని అమ్మే మందపాటి కాగితం 300 గ్రాములుంటుంది. ఆ రెంటికీ తేడా నేత చీరకీ, దుప్పటికీ వున్నంత. పోటీకి పంపే బొమ్మకైనా ఒక్క మంచి కాగితం కొనిపెట్టండి, దానితో సగం చిక్కులు పోతాయి. పల్చటి కాగితమే దిక్కయితే, పరీక్ష అట్ట మీద పరిచి నాలుగు పక్కలా కాగితపు టేపు అంటించాక రంగు వేయించండి, ఆరాక కూడా టేపు తీయకుండా కాసేపు వుంచండి. టేపు తీసేటప్పుడు కాగితం చిరిగిపోతుందని భయం వుంటుంది. అప్పుడు డ్రయ్యరుతో టేపు మీద మాత్రం ఒక పది సెకన్లు వెచ్చగా వూదితే దాని జిగురు మెత్తబడుతుంది. బొమ్మకి బయటి వైపుగా, వాలుగా, నెమ్మదిగా లాగితే చక్కగా వచ్చేస్తుంది.

ఇంత చేసినా వంకర పోకపోతే, బొమ్మ వెనకవైపు తడి గుడ్డతో చాలా తేలిగ్గా అద్ది, రెండు తెల్ల కాగితాల మధ్య పెట్టి, ఇస్త్రీపెట్టెని తక్కువ వేడి మీద, ఆవిరి లేకుండా, పైన నూలుగుడ్డ వేసి వెనకవైపు నుంచి నడపండి. ఆపైన లావుపాటి పుస్తకాల కింద రాత్రంతా వుంచితే సాపు అవుతుంది. మైనపు క్రేయాన్ల బొమ్మకి ఇస్త్రీ వద్దు సుమా.

ఇక బంకతో అతికించే పనులు. ఇక్కడే అసలు నష్టాలు జరుగుతుంటాయి. నాకు తెలిసిన ఒకావిడ వుంది. ఇద్దరు పిల్లల్ని చదివిస్తూ, మగదిక్కు లేని ఇంటిని నెట్టుకొస్తూ చదివింపుల కవర్లు చేసి అమ్ముతుంది. చేతితయారీ కాగితం మీద నీటిరంగులతో మామిడాకులు, కలశం వేసి, అంచున జరీ లేసు అతికించి, చూడముచ్చటగా చేస్తుంది. శ్రావణమాసం ముహూర్తాలకి ఒక పెళ్ళివారు 200 కవర్లు చెప్పారు. శ్రావణం అంటే ముసురు. రోజుకి నలభై చెయ్యాలి. ఒక్కో కవరుకీ రంగు వెయ్యడం, డ్రయ్యరు దగ్గరగా పెట్టి వేడివేడిగా ఆరబెట్టడం, వెంటనే తెల్లబంకతో లేసు అతికించి మళ్ళీ వూదడం, పైన పొడిగా తగలగానే దొంతర పెట్టడం, రాత్రికి అన్నీ ప్లాస్టిక్ సంచిలో కట్టేయడం. చూడ్డానికి ఎంతో ఒబ్బిడిగా చేసినట్టే వుంది. తీరా పెళ్ళివారింట్లో సంచి విప్పితే కవరుకి కవరు అతుక్కుని వున్నాయి. ఒకదాని మామిడాకు ఇంకోదాని వీపుకి అంటింది. కొన్నిటికి అంచున నల్లటి బూజు చుక్కలు. అరవై కవర్లు వెనక్కి పంపి, డబ్బు కోసుకుని ఇచ్చారు. కాగితానికి, లేసుకి పెట్టిన అప్పు అలాగే వుంది.

ఎందుకలా అయింది? వడియాల్ని గుర్తు తెచ్చుకోండి. పైన గట్టిగా వుందని రెండో రోజే డబ్బాలో పోస్తే ఏమవుతుంది? లోపలి చెమ్మ బయటికొచ్చి అన్నీ బూజు పడతాయి. తెల్లబంక కూడా నీళ్ళతో చేసినదే. నీరు పోతేనే అది పట్టేది. దగ్గరగా వేడి పెడితే పైన పొర కట్టేస్తుంది, ఆ పొర కింద బంక పచ్చిగానే వుండిపోతుంది. పైగా వేడి మీద ఆ బంక మెత్తగా వుంటుంది, చల్లారితే గానీ పట్టు బిగియదు. వేడిగా వున్న వాటిని దొంతర పెట్టి ఊపిరాడకుండా ప్లాస్టిక్‌లో కట్టడంతో లోపలి తేమ పోయే దారి లేకుండా పోయింది.

ఆవిడ ఇప్పుడు పని తీరు మార్చుకుంది. రంగు వేసే రోజు వేరు, అతికించే రోజు వేరు. పదేసి కవర్లు వరసగా పెట్టుకుని రంగు వేస్తుంది. పదోది అయ్యేసరికి మొదటి దాని మెరుపు పోతుంది, అప్పుడు డ్రయ్యరు వరస మొదలు. ఒక్కదాని మీదే నిలబడి వూదే పని లేదు, పదింటి మీదా గాలి తిరుగుతూ వుంటుంది. ఆరినవి గదిలో తీగ కట్టి బట్టల క్లిప్పులతో వేలాడదీస్తుంది, రాత్రంతా ఫ్యాను కింద వుంటాయి. మర్నాడు లేసు అతికించడానికి బంకని అగ్గిపుల్ల కొసతో పల్చగా రాస్తుంది. బంక పల్చనయ్యే కొద్దీ ఆరే సమయం తగ్గుతుంది, వేడి అవసరమే తక్కువ. కవరుకీ కవరుకీ మధ్య బటర్ పేపరు, కట్టేది అట్టపెట్టెలో. కొత్త చెప్పుల పెట్టెల్లో చిన్న చిన్న తెల్ల పొట్లాలు వస్తాయే, తేమ పీల్చేవి, అవి రెండు ఆ పెట్టెలో పడేస్తుంది. పసిపిల్లలున్న ఇంట్లో ఆ పొట్లాలు వాళ్ళ చేతికి అందనివ్వకండి. రోజుకి నలభై కావు, పాతికే అవుతాయని ముందే చెప్పి మరీ ఒప్పుకుంటుంది. మొన్నటి శ్రావణానికి ఇచ్చిన వాటిలో ఒక్కటీ వెనక్కి రాలేదు. కిందటేడు సరుకు తిప్పిపంపిన వాళ్ళే మళ్ళీ వచ్చి చేయించుకున్నారు, ధర మాత్రం బేరమాడారనుకోండి.

మందంగా వుండే వాటికి ఈ వడియం సూత్రమే ఇంకా గట్టిగా వర్తిస్తుంది. పాత కాగితాలు నానబెట్టి, మెంతులు కలిపి రుబ్బి, గిన్నె మీద మెత్తి చేసే గుజ్జు బుట్టలు మన అమ్మమ్మల కాలం నుంచీ వున్నవే. ఇప్పుడు బళ్ళలో వాటిని పేపర్ మాషే అంటూ చేయిస్తున్నారు. వీటికి డ్రయ్యరు పెడితే పైన పెచ్చు కట్టి లోపల పచ్చిగా వుండి, నాలుగు రోజులకి ముక్క వాసన వేస్తుంది. ఒక పొర మెత్తి, ఒక పూట ఫ్యాను కింద వదిలి, తర్వాత పొర మెత్తాలి. వినాయక చవితికి చేసే మట్టి బొమ్మకైతే అసలే వద్దు, పైమట్టి ముందు ముడుచుకుని బొజ్జ పగులుతుంది.

ప్రమాదాల గురించి నాలుగు ముక్కలు. స్పిరిట్, థిన్నర్, వార్నిష్, రబ్బరు సొల్యూషన్, స్ప్రే రంగు, ఇలా ఘాటు వాసన వేసేవి ఏవి వాడినా వాటి దగ్గర డ్రయ్యరు వేయకండి. ఆ ఆవిర్లు అంటుకునేవి. లోపల ఎర్రగా కాలే తీగ వుంటుందని మరిచిపోవద్దు. థర్మకోల్ నీళ్ళు మరిగే వేడి దగ్గరికి వస్తే మెత్తబడి కుంచించుకుపోతుంది, దాని మీద కాగితం అతికించిన నమూనాలకి చల్లగాలే వాడాలి. చమ్కీ పొడి చల్లిన కార్డుకి ముందు పొడి దులిపి, బంక పట్టాకే గాలి. లేకపోతే కార్డు మీదుండాల్సింది డ్రయ్యరు వెనక జల్లెడలోకి పోతుంది. ఆ జల్లెడ వెంట్రుకలతో, దుమ్ముతో మూసుకుపోతే యంత్రం వేడెక్కి దానంతటదే ఆగిపోతుంది. పాడైందని కంగారు పడకుండా ప్లగ్గు తీసి, చల్లారాక పాత టూత్ బ్రష్‌తో శుభ్రం చెయ్యండి.

పక్కనే కుంచెలు కడిగే నీళ్ళ గ్లాసు వుంటుంది గనుక, డ్రయ్యరు పట్టుకునే ముందు ఆ గ్లాసు తీసి కింద పెట్టడం అలవాటు చేసుకోండి. చేతులు తుడుచుకోవాలి. నీళ్ళలో పడితే దాన్ని చేత్తో తీయబోకుండా ముందు స్విచ్ కట్టాలి. పదేళ్ళలోపు పిల్లల చేతికి ఇవ్వకండి, మీరు పట్టుకోండి, వాళ్ళని కాగితం పట్టుకోమనండి. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టరు మీద వేయకండి, మామూలు ఇళ్ళలో వుండే ఇన్వర్టరు అంత బరువు మోయదు.

కొందరు డ్రయ్యరు లేదని గ్యాసు పొయ్యి మీద పట్టడం, వేడి పెనం మీద పరచడం, మైక్రోవేవ్‌లో పెట్టడం చేస్తుంటారు. ఇవేవీ వద్దమ్మా. పూర్వం 60 వాట్ల బల్బు కింద పెట్టి ఆరబెట్టేవాళ్ళు, బాగానే వుండేది. ఇప్పటి ఎల్‌ఈడీ బల్బులకి ఆ వేడి లేదు.

మరి రాత్రి పదింటికి బొమ్మ తడిగా వుండగానే కరెంటు పోయిందనుకోండి. వాన జల్లు కొట్టని వైపు కిటికీ పక్కన, పరీక్ష అట్ట మీద పరిచే వుంచి, నిలబెట్టకుండా పడుకోబెట్టండి. నిలబెడితే రంగు కిందికి జారుతుంది. దగ్గరుండి విసనకర్రతో మెల్లగా విసిరితే మెరుపు పోయే దశ దాకా ఎలాగూ వస్తుంది. పైన గుడ్డ, కాగితం కప్పకండి, అంటుకుంటాయి. తెల్లారి కరెంటు వస్తే అయిదు నిమిషాలు డ్రయ్యరు, లేకపోతే అలాగే బడికి. పెళ్ళి మిఠాయిల అట్టపెట్టె మూతలో బొమ్మని అట్టతో సహా పెట్టి, అడుగు పెట్టెని పైన బోర్లించి తాడు కడితే వానలోనైనా పదిలంగా వెళుతుంది. చుట్టచుట్టి మాత్రం పంపకండి, చెమ్మ మిగిలివున్న బొమ్మ చుట్టలో దానికదే అంటుకుని, టీచరు విప్పేసరికి రెండు ముక్కలవుతుంది.